కథలో మంచివాణ్ని నిలబెట్టాలంటే

మంచివాడి కథ రాయబోయేవాళ్లు ముందు మనిషిని తయారుచేస్తారు. తెల్లటి పంచె, శాంతమైన మొహం, ఎవరొచ్చినా లేదనని చెయ్యి. కథ అక్కడే చచ్చిపోతుంది. ముందు ఒక్క పని ఎంచుకోండి. దానికి ఎంత ఖర్చయిందో, ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడిందో తేల్చుకోండి.

అనంతపురం వైపు ఒక ఊరు అనుకుందాం. శనక్కాయ ఊడలు (పూత తర్వాత నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే సమయం, వాన పడి 20 రోజులైంది. పక్క చేను బోరు ఎండిపోతే మన రైతు తన బోరు నీళ్లు ఒక తడి వదిలాడు. కాగితం మీద లెక్క వేయండి. బోరు నుంచి రెండించుల ధార, పగలు 9 గంటల కరెంటు: రోజుకు తడిసేది అటూ ఇటూగా అరెకరం. పక్కాయన రెండెకరాలకు 4 రోజులు. ఆ నాలుగు రోజుల్లో సొంత చేను నేల బిగుసుకుపోయి ఊడలు లోపలికి దిగవు, దిగినవి తాలుకాయలవుతాయి. పెట్టుబడికి భార్య కమ్మలు బ్యాంకులో ఉన్నాయి.

ఇక ఆమె మాట్లాడాలి: "ఊరోళ్ల చేన్లు తడిపేకి పోయినావు, మన కాయ ఊరేదెట్ల? నా కమ్మలు ఇడిపిచ్చేదెవురు?" ఈ మాటలో న్యాయం ఉంది. ఆయన చేత జవాబు చెప్పించకండి. జవాబు దొరికిందంటే ఆమె గయ్యాళిగా మిగిలిపోతుంది, ఆయన ఉపన్యాసకుడవుతాడు. చాలా కథలు చెడేది ఇక్కడే.

కథను ఆయన మనసులోంచి చెప్పకండి. తన మంచితనాన్ని తానే వివరిస్తే అది సొంత డబ్బా. భార్య వైపు నుంచి చెప్పండి, లేదా నీళ్లు తీసుకున్నవాడి వైపు నుంచి. రెండోదే ఎక్కువ పండుతుంది: సాయం పొందినవాడు ఎదురుపడలేక వేరే దారిన పోతాడు, "నేనడిగానా?" అంటాడు. కృతజ్ఞత కన్నీళ్ల కన్నా ఇది నిజం.

లోపం కూడా ఉండాలి. అయితే అలంకారానికి బీడీ అలవాటు తగిలిస్తే చాలదు, మంచితనం ఏ వేరులోంచి వచ్చిందో లోపమూ అందులోంచే రావాలి. అడక్కుండా ఇచ్చేవాడు ఇంట్లోవాళ్లనూ అడగడు. 1868లో రష్యన్ నవలాకారుడు దొస్తోయెవ్‌స్కీ మేనకోడలికి రాసిన ఉత్తరంలో, సంపూర్ణంగా మంచి మనిషిని చిత్రించడం కన్నా కష్టమైన పని లేదన్నాడు. సెర్వాంటెస్ నవలా నాయకుడు డాన్ కిహోటె మంచివాడుగా నిలిచింది నవ్వులపాలయ్యేవాడు కూడా కావడం వల్లనేనని అదే ఉత్తరంలో ఉంది.

చరిత్రలోని దాతను తీసుకుంటే మరీ జాగ్రత్త. కర్నూలు సీమలో, 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిని జనం ఇప్పటికీ పాటల్లో తలుచుకుంటారు. పాటకు స్తుతి చాలు. నవలకు అలాంటి దాత గాదెలో అడుగు కనబడిన రోజు కావాలి, వరసలో ఆఖరున నిలబడ్డవాడికి ఏం చెప్పాడో కావాలి.

పది పేజీల కథయితే మంచి పని మూడో పేజీకల్లా అయిపోవాలి, తక్కిన ఏడూ దాని ఫలితానివి. "దేవుడులాంటి మనిషి", "వెన్నలాంటి మనసు" కనబడితే తీసేయండి. చివర్లో వాన కురిపించి పంట దక్కించకండి, చేసిన మేలు వడ్డీకిచ్చిన అప్పయిపోతుంది. ఆయన్ను చంపి గొప్పవాణ్ని చేయడమూ వద్దు, బతికుండి మోయాల్సిన భారం చావుతో మాఫీ అయిపోతుంది. కాయ వొలిచినాక ఎన్ని మూటలు తగ్గాయో, కమ్మల మీద వడ్డీ ఎంతయిందో చెప్పి ఆపండి. ఆ తర్వాత ఇంకో పేరా రాసి ఉంటే కొట్టేయండి.