కాదన్న కంపెనీకే మళ్లీ దరఖాస్తు చేయాలంటే

హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇంటర్వ్యూ దాటలేకపోయినవారిలో కొందరు ఆ కంపెనీ పేరే మళ్లీ ఎత్తరు. మరికొందరు నెల తిరగకముందే అదే రెజ్యూమేను వేరే మెయిల్ ఐడీతో పంపిస్తారు. ఈ రెండో పని మొదటిదానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. పెద్ద కంపెనీలు దరఖాస్తులను భద్రపరిచే సాఫ్ట్‌వేర్‌లో మీ పాత రెజ్యూమే, మీరు ఏ రౌండు వరకు వెళ్లారన్న సమాచారం, ఇంటర్వ్యూ చేసినవారు రాసిన అభిప్రాయం సాధారణంగా నిలిచే ఉంటాయి. మెయిల్ ఐడీ మార్చినా ఫోన్ నంబరో, పేరూ పాత కంపెనీల వివరాలో మీరెవరన్నది పట్టిస్తాయి. అందుచేత రెండోసారి పంపేది కొత్త దరఖాస్తు అనుకోకుండా, మొదటిసారి మీ గురించి రాసిపెట్టుకున్న అభిప్రాయానికి ఇచ్చే జవాబు అనుకొని తయారు చేయాలి.

ముందుగా ఎక్కడ ఆగిపోయారో తేల్చుకోండి. ఫోన్ కాల్ కూడా రాకుండానే తిరస్కరణ మెయిల్ వచ్చిందంటే, ఉద్యోగ ప్రకటనలో అడిగిన నైపుణ్యాలకూ మీ రెజ్యూమేకూ పొంతన కుదరలేదనో, ఆ పోస్టు అప్పటికే భర్తీ అయిందనో అనుకోవచ్చు. టెక్నికల్ రౌండులో ఆగిపోతే లోటు విషయ పరిజ్ఞానంలోనో, దాన్ని వివరించిన తీరులోనో ఉంటుంది. హెచ్‌ఆర్ రౌండులో ఆగిపోతే చాలాసార్లు కారణం జీతమో, 90 రోజుల నోటీస్ పీరియడో అయి ఉంటుంది. నోటీస్ పీరియడ్ వల్లే ఆగిపోయినవారు ఇప్పుడు రాజీనామా చేసి చివరి పనిదినం ఖరారైన స్థితిలో ఉంటే, ఆ తేదీని రెజ్యూమే పైభాగంలోనే రాయడం మంచిది. కారణం చెప్పమని హెచ్‌ఆర్‌ను అడగడంలో తప్పు లేదు గానీ, వివరమైన సమాధానం అరుదుగా వస్తుంది. దానికి బదులు “మళ్లీ ఎప్పుడు దరఖాస్తు చేసుకోవచ్చు?” అని అడగండి, ఈ ప్రశ్నకు జవాబు దొరికే అవకాశం ఎక్కువ.

ఆ జవాబులో చెప్పే గడువునే, అంటే మళ్లీ దరఖాస్తు చేసేముందు ఆగాల్సిన కాలాన్నే ‘కూలింగ్ పీరియడ్’ అంటారు. చాలాచోట్ల ఇది ఆరు నెలలు, కొన్నిచోట్ల ఏడాది. ఇంటర్వ్యూ వరకు వెళ్లినవారికే ఇది వర్తించి, రెజ్యూమే దశలోనే ఆగిపోయినవారికి వర్తించని కంపెనీలూ ఉన్నాయి. ఆఫ్ క్యాంపస్ (కాలేజీ ప్రాంగణం బయట జరిగే) నియామకాల అర్హత నిబంధనల్లో “గత ఇన్ని నెలల్లో మా ఎంపిక ప్రక్రియలో పాల్గొని ఉండరాదు” అనే షరతు కనిపిస్తే, దాన్ని తేలికగా తీసుకోకండి. గడువు లెక్క తప్పు చెప్పి లోపలికి వెళ్లినా, ఆ విషయం బయటపడిన రోజున ఆఫర్ రద్దు కావచ్చు.

ఈ గడువులో మీలో వచ్చిన మార్పు రెజ్యూమేలో కంటికి కనబడాలి. సాఫ్ట్‌వేర్‌ను చేత్తో పరీక్షించే మాన్యువల్ టెస్టింగ్ చేస్తూ, స్క్రిప్టులతో పరీక్షించే ఆటోమేషన్ ఉద్యోగానికి ప్రయత్నించి విఫలమైన వ్యక్తిని ఊహించుకోండి. “సెలీనియం నేర్చుకున్నాను” అని ఆ ఆటోమేషన్ టూల్‌పై ఒక సర్టిఫికెట్ జోడిస్తే ప్యానెల్ అభిప్రాయం పెద్దగా మారదు. “రెండు రోజులు పట్టే రిగ్రెషన్ టెస్టింగ్‌ను సెలీనియం స్క్రిప్టులతో నాలుగు గంటలకు తగ్గించాను” అని రాయగలిగితే, ఆ పని నిజంగా చేసి ఉంటే, సంభాషణే మారిపోతుంది. అలాంటి పని మీ ప్రాజెక్టులో దొరకకపోతే మేనేజరును అడిగి చిన్నదైనా తీసుకోండి.

మార్చకూడనివి కొన్ని ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన, మానేసిన తేదీలు, హోదాలు, అప్పట్లో చెప్పిన జీతం పాత దరఖాస్తుతో సరిపోలాలి. ‘ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం’ అనే కన్సల్టెన్సీల మాట విని రెండేళ్ల అనుభవాన్ని నాలుగేళ్లుగా చూపేవారు యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకు ఇచ్చే శాశ్వత నంబరు) సర్వీస్ హిస్టరీని మరచిపోతారు. అందులో ఏ సంస్థ ఏ తేదీ నుంచి పీఎఫ్ ఖాతా నడిపిందో ఉంటుంది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు దాన్నే అడుగుతాయి. పాత రెజ్యూమేలో నిజంగానే పొరపాటు దొర్లి ఉంటే సరిదిద్దండి, ఆ సంగతి మీరే ముందుగా హెచ్‌ఆర్‌కు చెప్పండి.

దరఖాస్తు పంపేటప్పుడు పాత ఖాతాతోనే లాగిన్ కావాలి. కొన్ని పోర్టల్స్‌లో పాత రెజ్యూమే ఫైలే తనంతట తాను జతపడుతుంది కాబట్టి, దాన్ని తీసేసి కొత్తది పెట్టారో లేదో సరిచూసుకోండి. “ఇంతకుముందు మా సంస్థకు దరఖాస్తు చేశారా?” అన్న ప్రశ్నకు అవునని రాయండి. ఒకేరోజు పది పోస్టులకు వేయకుండా, సరిగ్గా సరిపోయే ఒకటి రెండింటికే పరిమితం కండి. రిఫరల్ (ఆ కంపెనీ ఉద్యోగి మీ పేరును సిఫారసు చేయడం) దొరికే అవకాశం ఉంటే దాన్ని అడిగిన తరువాతే దరఖాస్తు చేయాలి. ముందే నేరుగా వేసేస్తే చాలా కంపెనీల్లో ఆ రిఫరల్ లెక్కలోకి రాదు. అడిగేటప్పుడు గతం దాచకండి. కాలేజీ సీనియరుకైతే ఇంత చాలు: “అన్నా, పోయినేడాది మీ కంపెనీలో రెండో టెక్నికల్ రౌండులో ఆగిపోయాను. కూలింగ్ పీరియడ్ అయిపోయింది. ఈ జాబ్ ఐడీకి మళ్లీ వేద్దామనుకుంటున్నాను, రిఫర్ చేస్తారా?” అలాగే ఇద్దరు కన్సల్టెంట్ల ద్వారా ఒకే పోస్టుకు వెళ్లకండి. అభ్యర్థి ఎవరి ద్వారా వచ్చినట్టన్న తగాదాలో చివరికి మీ దరఖాస్తే పక్కకు పోతుంది.

ఇంటర్వ్యూలో పాత సంగతి వారు ఎత్తితే పాత ప్యానెల్‌ను తప్పుపట్టకుండా రెండు మూడు వాక్యాల్లో చెప్పండి: “అప్పుడు డేటాబేస్ ఇండెక్సింగ్ ప్రశ్నల దగ్గర తడబడ్డాను. ఆ తరువాత మా ప్రాజెక్టులో నెమ్మదిగా నడిచే క్వెరీలను సరిచేసే పని తీసుకున్నాను, దాని గురించి చెప్పమంటారా?” అక్కడి నుంచి మాట మీ పని మీదికి మళ్లుతుంది. మొదటిసారి అడిగిన ప్రశ్నలను ఆ రోజే రాసిపెట్టుకొని ఉంటే ఇక్కడ అక్కరకొస్తాయి, ఎందుకంటే ఆ భాగాన్ని మళ్లీ తరచి చూసే అవకాశం ఎక్కువ.

తిరస్కరణ మెయిల్ అందుకున్నవారిని వెతికి పట్టుకొని ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగం ఇప్పిస్తామనే ఫోన్లు కూడా వస్తుంటాయి. ఆఫర్ లెటర్‌కో, శిక్షణకో, ల్యాప్‌టాప్ డిపాజిట్‌కో డబ్బు అడిగితే ఆ మాట అక్కడితో ఆపేయండి. ఇప్పటికే ఆన్‌లైన్‌లో కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.