అంత వేడి చేసినా అన్నం ఎందుకు పడలేదు? ఫుడ్ పాయిజనింగ్ రాకుండా చూసుకోవడం ఎలా?

ఒకసారి మధ్యాహ్నం వండిన అన్నం రాత్రి దాకా పొయ్యి పక్కనే ఉండిపోయింది. పొగలు కక్కేలా వేడి చేసుకుని తిన్నాను. వాసన బాగుంది, రుచీ బాగుంది. మూడు గంటలు తిరక్కుండానే వాంతులు. అంత వేడికి బ్యాక్టీరియా ఎలా బతికిందా అని అప్పుడు అర్థం కాలేదు. తర్వాత చదివితే తెలిసింది, అది బతకాల్సిన అవసరమే లేదని. చచ్చేలోపు అన్నంలో వదిలిన విషం చాలు.

ముందు ఈ తేడా తెలుసుకోండి

బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బియ్యంలో స్పోర్ల రూపంలో ఉంటుంది. స్పోరు అంటే గట్టి పెంకులో నిద్రపోతున్న బ్యాక్టీరియా అనుకోండి. అన్నం ఉడికినా అది చావదు. అన్నం గోరువెచ్చగా అవగానే నిద్ర లేచి పెరుగుతుంది, విషం తయారు చేస్తుంది. ఆ విషం మరిగించినా పోదు. మన ముక్కులో, చర్మం మీద ఉండే స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలే విషమూ అంతే. ఇలా తయారైన విషం కడుపులోకి వెళ్తే అరగంట నుంచి ఆరు, ఎనిమిది గంటల్లోపే వాంతులు మొదలవుతాయి.

సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాల దారి వేరు. అవి ప్రాణంతోనే పేగుల్లోకి చేరి అక్కడ గొడవ మొదలుపెడతాయి. సాల్మొనెల్లాకు 6 గంటల నుంచి 6 రోజులు, క్యాంపైలోబ్యాక్టర్‌కు సాధారణంగా 2 నుంచి 5 రోజులు పడుతుంది. జబ్బు చేయగానే ఆఖరుసారి తిన్నదాన్నే తిట్టుకుంటాం కానీ, చాలాసార్లు తప్పు దానిది కాదు.

వాసన చూసి తేల్చేద్దామంటే కుదరదు. వాసన, జిగురు తెప్పించేవి ఎక్కువగా వేరే రకం సూక్ష్మజీవులు. జబ్బు చేసేవి చప్పుడు చేయకుండా పెరుగుతాయి.

వండిన దగ్గర్నుంచి గడియారం చూడండి

నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బ్యాక్టీరియాకు పండగ. అన్నీ కలిసొస్తే కొన్ని రకాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్కటే ఏడు గంటల్లో 20 లక్షలు దాటుతుంది. అందుకే వండినదాన్ని బయట 2 గంటలకు మించి ఉంచొద్దు. 32 డిగ్రీలు దాటిన ఎండాకాలమైతే ఒక్క గంటే.

పెద్ద గిన్నెలతో అసలు చిక్కు. పైన చల్లారినట్టే ఉంటుంది, గరిటె లోపలికి దించితే మధ్యలో ఇంకా వెచ్చగా ఉంటుంది. చిక్కటి కూరల్లో, మాంసం పులుసుల్లో క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా పెరిగేది అక్కడే. నిండు గిన్నెను అలాగే ఫ్రిజ్‌లో తోసేయకుండా, లోతు తక్కువున్న డబ్బాల్లోకి పల్చగా సర్దండి. పూర్తిగా చల్లారే దాకా ఆగక్కర్లేదు, ఆవిరి తగ్గగానే లోపల పెట్టేయొచ్చు.

ఫ్రిజ్‌ను మరీ నమ్మొద్దు

లోపల 5 డిగ్రీల కంటే తక్కువ ఉండాలి. ఆ చలిలో బ్యాక్టీరియా నెమ్మదిస్తుందే గానీ చావదు. లిస్టీరియా అనే రకం అయితే అక్కడా పెరుగుతుంది. అది గర్భంలోని బిడ్డకు ప్రమాదం కాబట్టి గర్భిణులు కాచని పాలకు, వాటితో చేసిన మెత్తటి చీజ్‌కు దూరంగా ఉండాలి. మిగిలిన కూరలు 3, 4 రోజుల్లో తినేయండి. మళ్లీ వేడి చేసేటప్పుడు మధ్య దాకా సెగలు రావాలి. ఫ్రీజర్‌లో పెట్టిన మాంసాన్ని గట్టు మీద కాకుండా ఫ్రిజ్ కింది అరలో కరిగించండి.

పచ్చి మాంసం దగ్గర

చికెన్‌ను కుళాయి కింద కడగడం చాలామందికి శుభ్రత. నిజానికి ఆ తుంపర్లు సింకు మీద, పక్కనున్న గిన్నెల మీద పడి బ్యాక్టీరియాను వంటిల్లంతా చల్లుతాయి. దాన్ని చంపేది నీళ్లు కాదు, మంట. కోడిమాంసం మధ్యలో 74 డిగ్రీలు చేరాలి. రంగు చూసి చెప్పలేం, వంట థర్మామీటర్ గుచ్చి చూడటమే నయం. ఖీమా విషయంలో ఇంకాస్త జాగ్రత్త. ముక్కకు పైన మాత్రమే అంటుకున్న బ్యాక్టీరియా ఖీమా కొట్టేటప్పుడు లోపలికి కలిసిపోతుంది.

పచ్చి మాంసం కోసిన చాకు, బోర్డు కడగకుండా వాటి మీదే సలాడ్ ముక్కలు కోస్తే వండిన శ్రమంతా వృథా.

చేతులు సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి, ఇది అందరికీ తెలిసిందే. వేలికి పుండు ఉంటే కట్టు కట్టి గ్లవ్ తొడుక్కోండి. విరేచనాలు తగ్గి 48 గంటలు గడిచే దాకా ఇతరులకు వండకండి.

ఒకవేళ వచ్చేస్తే

టెన్షన్ పడకండి, ఎక్కువమందికి ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. పోయిన నీటిని, ఉప్పును తిరిగి నింపడమే అసలు వైద్యం. ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటిలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపండి. చెంచాలు తలకొట్టి కొలవండి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. గుక్కగుక్కగా తాగించండి.

విరేచనంలో రక్తం, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, నీళ్లు కూడా నిలవనంత వాంతులు, మూత్రం బాగా తగ్గిపోవడం, మూడు రోజులైనా ఆగని విరేచనాలు, వీటిలో ఏది కనిపించినా డాక్టరు దగ్గరకు వెళ్లాలి. పసిపిల్లలు, ముసలివాళ్లు, గర్భిణులైతే అంతదాకా ఆగొద్దు. చూపు మసకబారి, రెప్పలు వాలి, మాట తడబడితే అది నరాలను దెబ్బతీసే బోట్యులిజం అనే జబ్బు కావచ్చు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఏడాదిలోపు పిల్లలకు తేనె నాకించొద్దనేది ఈ జబ్బు భయంతోనే.

రక్తం పడుతుంటే విరేచనాలు ఆపే మాత్రలు వేసుకోకండి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్‌ కూడా వద్దు. కారణం కొన్ని రకాల ఈ.కోలై బ్యాక్టీరియా అయితే, యాంటీబయాటిక్‌ వల్ల కిడ్నీలు దెబ్బతినే ముప్పు పెరగొచ్చు. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ పూట తిన్నది ఒక్కటే కాదు, గడిచిన వారంలో ఏమేం తిన్నారో, మీతో పాటు ఇంకెవరు తిన్నారో కాగితం మీద రాసుకుని వెళ్లండి.