పిస్కో సవర్‌లో తేనె వేస్తున్నారా?

పిస్కో అనే ద్రాక్ష సారాయిలో నిమ్మరసం, తీపి కలిపి చేసే పెరూ వాళ్ల కాక్‌టెయిల్ పిస్కో సవర్‌లో చక్కెర పాకం బదులు తేనె వేస్తే, ఐస్ తగలగానే బిగుసుకుని షేకర్ అడుగున అతుక్కుంటుంది. తాగితే అంతా పులుపే.

తేనెను ముందే పలచన చేసుకోండి. రెండు వంతుల తేనెకు ఒక వంతు గోరువెచ్చని నీళ్లు పోసి, కరిగేదాకా తిప్పితే చాలు. గ్లాసుకు 60 మి.లీ. పిస్కో, 30 మి.లీ. నిమ్మరసం, 20 మి.లీ. ఈ పాకం. మూడూ బాగా కలిశాకే ఐస్ వేసి ఊపాలి. గుడ్డు తెల్లసొన కూడా వేస్తారు, నాకైతే లేకపోయినా ఫర్వాలేదు. మిగిలిన పాకం ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు వాడేయండి.

ముదురు రంగు, ఘాటు తేనెతో మాత్రం ఇది కుదరదు. పిస్కో ద్రాక్ష సారాయి కదా, ఆ ద్రాక్ష వాసన మొత్తం పోతుంది.