డ్రై టోర్టుగాస్‌లో ఒక రాత్రి ఉండాలంటే

ఫ్లోరిడా చూడటానికి వచ్చిన మనవాళ్ళు చాలామంది కీ వెస్ట్ దాకా కారులో వెళ్ళి, ఫోటోలు దిగి వెనక్కి తిరుగుతారు. అక్కడినుంచి పడమరగా సముద్రంలో ఇంకో 70 మైళ్ళు పోతే డ్రై టోర్టుగాస్ నేషనల్ పార్క్. ఏడు చిన్న దీవులు, మిగతాదంతా నీళ్ళే. చేరాలంటే ఫెర్రీ గానీ సీప్లేన్ గానీ ఎక్కాలి, లేదా సొంత పడవ ఉండాలి.

పగటి ట్రిప్‌తో సరిపెట్టుకోవద్దని నా సలహా. ఫెర్రీ ఉదయం ఎనిమిదికి కీ వెస్ట్‌లో బయల్దేరి పదిన్నర ప్రాంతంలో గార్డెన్ కీ అనే దీవిలో దింపుతుంది, మూడయ్యేలోపే మళ్ళీ ఎక్కించుకుంటుంది. మధ్యలో దొరికేది నడినెత్తి మీద ఎండ ఉండే టైమే. అది వెళ్ళిపోయాక దీవిలో మిగిలేది కొద్దిమంది. క్యాంప్ స్థలం చాలావరకు ముందు వచ్చినవాళ్ళదే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. కష్టమల్లా ఫెర్రీలో క్యాంపర్ సీట్లు దొరకడం. రోజుకు కొద్దిమందినే తీసుకెళ్తారు కాబట్టి నెలల ముందే బుక్ చేయాలి.

ఇక నీళ్ళు. దీవిలో తాగునీరు చుక్క లేదు. మనిషికి రోజుకు గ్యాలన్, అంటే నాలుగు లీటర్ల లెక్క వేసుకుని, గాలికి బోటు రాక ఆగిపోతే పనికొస్తాయని ఇంకో రోజుకు సరిపడా కలపండి. ఈ నీళ్ళ గొడవ కొత్తది కాదు. ఈ దీవి మీదున్న ఫోర్ట్ జెఫర్సన్ కోటను 1846లో మొదలుపెట్టి, కోటీ అరవై లక్షల ఇటుకలు పేర్చి కూడా పూర్తి చేయలేకపోయారు. వాననీళ్ళు పట్టడానికి గోడల కింద కట్టిన తొట్లు ఆ ఇటుకల బరువుకే పగిలి, వాటిలోకి ఉప్పునీళ్ళు దిగాయట. ఇంజనీరైన మా ఆయన ఆ సంగతి బోర్డు మీద చదివి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

వంట సంగతి. ఫెర్రీలో గ్యాస్ సిలిండర్లు, కిరోసిన్ లాంటివి ఎక్కించనివ్వరు. అగ్గిపుల్ల గీస్తే అంటుకునే బొగ్గు మాత్రం తీసుకెళ్ళవచ్చు, క్యాంపులో ఇనప గ్రిల్లులు ఉంటాయి. నేను చింతపండు పులిహోర కలిపి పట్టుకెళ్తాను, మర్నాటికి ఇంకా బాగుంటుంది. రాత్రికి చిలగడదుంపలు రేకులో చుట్టి బొగ్గుల్లో పడేస్తే చాలు, పిల్లలకు అదే పండగ. తిండంతా గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లో మూత బిగించి పెట్టండి. ఎలుకలున్నాయి, గుడ్డసంచీని అవి లెక్కచేయవు. చెత్త కూడా మీతోనే వెనక్కి రావాలి.

బోటు కుదుపుకు వాంతుల మాత్ర ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి. కుదుపు మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు. చలికాలంలో ఉత్తరగాలి లేస్తే సముద్రం బాగా ఎగురుతుంది. మా అత్తగారు కింది అంతస్తులో వెనక వైపు కూర్చుని, అల్లం మురబ్బా చప్పరిస్తూ హాయిగా వచ్చారు.

దిగగానే గుడారం వేసి, జనం కోటలో తిరుగుతుండగా మీరు నీళ్ళలోకి దిగండి. కందకం గోడ వెంబడి, పాత బొగ్గు రేవు స్తంభాల దగ్గర స్నార్కెలింగ్ చేస్తే చిలకచేపలు, చారల చేపలు ముఖానికి తగిలేంత దగ్గరగా తిరుగుతాయి. ఈత రానివాళ్ళకు లైఫ్ జాకెట్ తప్పనిసరి, మొహమాటం వద్దు. ఒంటికి పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే సన్‌స్క్రీన్ సగం తగ్గుతుంది, ఆ క్రీమ్ నీళ్ళలో కలవదు కాబట్టి పగడాలకూ మేలు. గవ్వ ఒక్కటి కూడా ఏరకూడదు. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

కోటను బోటు వెళ్ళాక చూడండి. లింకన్‌ను తుపాకీతో కాల్చిన బూత్ అనేవాడి కాలికి కట్టు కట్టిన డాక్టర్ శామ్యూల్ మడ్‌ను ఇక్కడే బంధించారు. 1867లో పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) వచ్చి కోట డాక్టరే చనిపోతే, రోగులను ఈ ఖైదీయే చూశాడు. 1869లో క్షమాభిక్ష దొరికింది. పైకెక్కితే అంచున పిట్టగోడ లేదు, పిల్లల చెయ్యి వదలొద్దు. కందకం గోడ మీద నడక మాత్రం పెద్దవాళ్ళకూ సులువే. అయితే తుఫానుకు దెబ్బతిన్న చోట్ల మూసి ఉంచవచ్చు.

పక్కనే ఉన్న బుష్ కీ దీవిలో వసంతంలో వేల కొద్దీ సూటీ టెర్న్ పక్షులు గూళ్ళు పెడతాయి. అప్పుడు అక్కడికి వెళ్ళనివ్వరు, బైనాక్యులర్స్ ఉంటే ఇవతలి నుంచే చూడవచ్చు. వాటి అరుపు రాత్రంతా ఆగదు. నిద్ర తేలికగా పట్టనివాళ్ళు చెవుల్లో దూది పెట్టుకోండి.

ఫోన్ సిగ్నల్ లేదు. ఇండియాలో ఉన్న అమ్మావాళ్ళకు ముందే చెప్పకపోతే కంగారు పడతారు. ఇంకొకటి, బోటు దిగేసరికి సాయంత్రం అయిదు దాటుతుంది. ఉప్పునీళ్ళ ఒళ్ళుతో, సగం నిద్రతో ఆ రాత్రే మయామీకి నాలుగు గంటలు డ్రైవ్ చేయొద్దు. కీ వెస్ట్‌లో గది ముందే బుక్ చేసుకోండి.