పాత టీవీ పెట్టెలకు బ్లాండ్ మెరుగు – నాలుగో పాఠం: రంగు చెక్కలో ఉందా, పూతలో ఉందా?

గత పాఠంలో పాత పూతను కరిగించి తీసే పద్ధతి చెప్పి, ఈసారి కొత్త పూత మొదలుపెడదామన్నాను. ఈలోగా వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే: పూత తీసేసరికి లేత గోధుమవన్నె పెట్టె కాస్తా ఇటుకరంగు పెట్టె అయి కూర్చుంది. ఇందులో సగం తప్పు నాది, ఎందుకంటే ముందు చేయవలసిన పరీక్షను ఒక్క వాక్యంలో దాటవేశాను. కొత్త పూతను వచ్చే పాఠానికి వాయిదా వేసి, ఈ చిక్కును విప్పుకుందాం.

బ్లాండ్ అనేది చెట్టు పేరు కాదు, లేత గోధుమవన్నె మెరుగు పేరు. 1950లలో అమెరికా కంపెనీలు ఒకే టీవీని మహాగని, వాల్‌నట్, బ్లాండ్ పెట్టెల్లో అమ్మేవి. బ్లాండ్‌కు తరచు కొన్ని డాలర్లు ఎక్కువ పుచ్చుకునేవి. ఓక్ చెక్క రంధ్రాల్లో తెల్లటి ముద్ద నింపి చేసినవి కొన్ని. కోరినా అన్న వ్యాపారనామంతో వచ్చిన పశ్చిమాఫ్రికా లింబా చెక్కది పుట్టుకతోనే లేత రంగు. ఇక మీలో ఎక్కువమంది చేతికి చిక్కినవి మూడో రకానివి: వాటిలో అడుగున ముదురు చెక్కే ఉంటుంది, దానిమీద లేత రంగు కలిపిన నైట్రోసెల్యులోజ్ లాకరును (త్వరగా ఆరే ఒక రకం పూతను) పలుచగా పిచికారీ చేసి ఉంటారు. పూతతోపాటు బ్లాండ్ కూడా గుడ్డకు అంటుకుని పోయింది. కొన్ని చవక పెట్టెల్లో చెక్క చారలు కూడా అచ్చువేసినవే కనుక, వాటికి పూత తీస్తే చారలు సైతం చెరిగిపోతాయి.

పరీక్ష ఇలా చేయాలి. వెనక అంచున, కంటికి కనబడని చోట, మిథిలేటెడ్ స్పిరిట్‌లో ముంచిన దూదిని అరనిమిషం ఆనించండి. పూత మెత్తబడి జిగురైతే అది లక్క (షెల్లాక్). స్పిరిట్‌కు లొంగక లాకరు థిన్నర్‌కు కరిగితే అది లాకరు. రెండింటికీ లొంగకపోతే వార్నిష్ అనుకోవచ్చు. లాకరు అన్న మాట మన లక్కనుంచే పుట్టినా ఈ రెండూ వేరని గుర్తుంచుకోండి. దూదికి రంగు అంటి, కింద ముదురు చెక్క తొంగిచూస్తే, ఆ పెట్టె పూతను తీయకూడదు.

ఇప్పుడు నన్ను విసిగించిన విషయానికి వస్తాను. ఇటుకరంగు చూసి బెంబేలెత్తి, బట్టలు ఉతికే బ్లీచ్‌ను చెక్కమీద పోసినవారు కనీసం అయిదుగురున్నారు. బ్లీచ్ అన్నది ఒకే సరుకు కాదు. బట్టల బ్లీచ్‌లోని క్లోరిన్ పైన పూసిన అద్దకపు రంగును విరుస్తుంది కాని మహాగని సొంత ఎరుపును దాదాపు ముట్టుకోదు. ఆక్సాలిక్ ఆమ్లం ఇనుప మేకుల చుట్టూ, నీళ్లు నిలిచినచోట ఏర్పడే నల్లమచ్చలను తీస్తుంది, అంతకుమించి చేయదు. చెక్క సొంత రంగును తీయగలిగింది సోడియం హైడ్రాక్సైడ్, గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసి పనిచేసే రెండు సీసాల బ్లీచ్ ఒక్కటే. అది చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది, వెనీర్ (పైన అతికించిన పలుచని చెక్క పొర) కింది జిగురును తడిపి పొక్కులు లేపుతుంది, ఒక పలకమీద వచ్చిన తెలుపు పక్క పలకమీద రాదు. కర్మాగారంలో వాడారంటే అది వాళ్ల పద్ధతి. నేను మాత్రం ఆ సీసాలు కొనడం మానేశాను. కొందరు గరుకు కాగితంతో రుద్ది తెల్లబరచబోయారు. వెనీర్ మందం మిల్లీమీటరు కూడా ఉండదు. నా మొదటి పెట్టె అంచున మూడే మూడు రుద్దులకు కింది పలక బయటపడింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

పూత పోయినవారు రంగును మళ్లీ పూతలోనే పెట్టాలి. మైనం తీసిన లేత లక్కను ఒక పలుచని పొరగా వేయండి. పాత ఫర్నిచర్ పాలిష్‌ల సిలికోన్ వల్ల లాకరులో పడే గుంటలను అది అడ్డుకుంటుంది. తర్వాత 100 మిల్లీలీటర్ల పారదర్శక లాకరులో 5 మిల్లీలీటర్ల తెల్ల లాకరు, పసుపుపచ్చ, ముదురు గోధుమ రంగులు చిటికెడు చొప్పున కలిపి, పొరపొరకూ ఆగి చూస్తూ కొట్టండి. చార మసకబారడం మొదలైందంటే ఒక పొర ఎక్కువైందన్నమాట. పైపూతకు నూనె ఆధారిత పాలీయూరిథేన్ వద్దు, అది పోనుపోను పసుపుపచ్చగా మారుతుంది. నేను పచ్చబడని యాక్రిలిక్ లాకరే వాడతాను. పిచికారీ ఆరుబయట, నిప్పుకు దూరంగా, ఆవిరిని ఆపే మాస్కుతో చేయాలి.

ఏ రంగుకు సరిపోల్చాలి? ఛానల్ మీట ఊడదీసి చూడండి. వెలుతురు సోకని ఆ గుండ్రటి చోట జల్లించిన గోధుమపిండి రంగు, దాని చుట్టూ డెబ్బై ఏళ్లుగా పచ్చబడిన పనసతొన రంగు కనిపిస్తాయి. పెట్టె అంతా కొత్తగా చేస్తుంటే మొదటిదానికి, ఒక్క పలకే చేస్తుంటే రెండోదానికి సరిపోల్చాలి.

అభ్యాసం: మహాగని వెనీర్ ముక్కను ఆరు గళ్లుగా విభజించి, మొదటి గడిలో లక్క మాత్రమే ఉంచి, మిగతా అయిదింటిలో ఒకటి నుంచి అయిదు రంగుపొరలు కొట్టండి. సగం ముక్కను నల్ల కాగితంతో కప్పి రెండు వారాలు ఎండ పడే కిటికీలో ఉంచి, పిమ్మట మీట కింది రంగు పక్కన పెట్టి చూడండి. అంతవరకు పెట్టెను ముట్టుకోవద్దు.