గ్రిడ్ కూలినప్పుడు అణు యూనిట్‌ను కాపాడే క్రమం

కర్ణాటకలోని కైగా అణు కేంద్రంలో ఉన్న లాంటి 220 మెగావాట్ల భారజల (హెవీ వాటర్) యూనిట్‌లో ముందుగా గ్రిడ్ ఫ్రీక్వెన్సీ చూడండి. 50 హెర్ట్జ్ నుంచి అనుమతి పరిధి దాటి జారితే, గ్రిడ్ నుంచి విడదీసి సొంత పంపులకు సరిపడా లోడుకు దించండి. అదీ నిలవక రియాక్టర్ ట్రిప్ అయితే, అంటే రక్షణ వ్యవస్థ దాన్ని ఆపేస్తే, అణు విచ్ఛిత్తి ఆగుతుంది గానీ వేడి ఆగదు. ఆ క్షణాన పూర్తి శక్తిలో దాదాపు 6 శాతం వేడిగా మిగులుతుంది. అసలు ప్రమాదం ఇదే. డీజిల్ జనరేటర్లు అందుకునేదాకా కంట్రోల్ పరికరాలకు బ్యాటరీలే ఆధారం. రియాక్టర్ గుండా భారజలాన్ని తిప్పే ప్రధాన పంపులను డీజిళ్లు మోయలేవు. ఆ పంపులకున్న ఫ్లైవీల్ (బరువైన చక్రం) ఊపు తగ్గాక వేడెక్కిన భారజలం దానంతటదే తిరుగుతూ స్టీమ్ జనరేటర్లకు వేడిని చేరుస్తుంది. వాటిలో నీటిమట్టం పడిపోనివ్వొద్దు.

సుమారు అరగంటలో రియాక్టర్‌ను తిరిగి లేపకపోతే, న్యూట్రాన్లను మింగేసే జినాన్ వాయువు పేరుకుని యూనిట్ దాదాపు ఒకటిన్నర రోజు మొరాయిస్తుంది, గ్రిడ్‌కు కరెంటు అత్యవసరమైన వేళలోనే. అందుకే జలవిద్యుత్తుతో లైన్లు లేపేటప్పుడు తొలి వంతుల్లోనే అణు కేంద్రానికి సరఫరా ఇవ్వాలి.