డిమెన్షియా ఉన్న అమ్మానాన్నల కోసం కేర్ హోమ్ చూస్తున్నారా? అడ్వాన్స్ కట్టే ముందు

డిసెంబరు సెలవులకు వచ్చి, తిరిగి ఫ్లైట్ ఎక్కేలోపు హోమ్ ఖాయం చేయాలనుకునేవాళ్లకు ఇవి.

• పగలు ఒక్కసారి చూసి డబ్బు కట్టేయకండి. సాయంత్రం ఆరు దాటాక చెప్పకుండా వెళ్లండి. డిమెన్షియా ఉన్న చాలామందికి పొద్దువాలాక కంగారు, "ఇంటికి పోతా" అనే గొడవ ఎక్కువవుతాయి. పగటి స్టాఫ్ ఇళ్లకు వెళ్లే వేళ కూడా అదే. రాత్రి ఎంతమందికి ఎంతమంది ఆయాలో అంకె చెప్పమనండి.

• గొడవ చేస్తే ఏం చేస్తారు? "మాత్ర వేస్తాం" అన్నదే మొదటి జవాబైతే నేనైతే లేచి వచ్చేస్తాను. గొడవ తగ్గించడానికి ఇచ్చే క్వెటియాపిన్ లాంటి మానసిక మందులతో మగత, పడిపోవడం, స్ట్రోక్ ముప్పు ఉన్నాయి. మీకు చెప్పాకే మొదలుపెడతామని రాయించుకోండి.

• భోజనం వేళ కూర్చోండి. మేం చూసిన ఒకచోట ఒక పెద్దావిడ ముందు పప్పన్నం ప్లేటు పెట్టి, పది నిమిషాలకు అలాగే తీసుకెళ్లిపోయారు. "తినలేదండీ" అన్నారు. నిజానికి ఆవిడకు ఎలా మొదలుపెట్టాలో తోచలేదు. మా అక్క ముద్ద కలిపి చేతిలో పెడితే తినేసింది.

• రాత్రి ఆయాకు తెలుగు వచ్చా? జబ్బు ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాషలే సాధారణంగా ముందు జారిపోతాయి.

• మంచాన పడితే ఉంచుకుంటారా, పంపేస్తారా? డైపర్ల ఖర్చు విడిగానా? అగ్రిమెంట్‌లో చూడండి.

• పెద్దవాళ్ల కోసం ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567 ఫోన్‌లో సేవ్ చేసుకోండి. టోల్‌ఫ్రీ.